తీగకు వేలాడిన పది స్టడ్లు

ఆ పది స్టడ్లూ పాడైంది నా వల్ల. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. డైరీలో రాసుకున్నాను గాని, ఆ పేజీని కూడా నేనే మళ్ళీ చూడకుండా మడిచి పెట్టాను.

ఇప్పుడు చెప్పడానికి కారణం మా వీధి అమ్మాయిలు. ఈమధ్య ఇద్దరు పరీక్షలు పాసై ఉద్యోగాల్లో చేరారు, ఒకరు తాలూకా కచేరీలో, ఒకరు తపాలా ఆఫీసులో. సాయంత్రాలు వచ్చి కూర్చుని, ఏడేళ్ళ పనిలో నాకెప్పుడూ తప్పు పడలేదా అని అడుగుతుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. నోటితో చెప్పడం కన్నా రాయడం నాకు తేలిక. నాకిప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ వయసులో రిటైరయ్యానంటే ఎవరైనా నవ్వుతారు. కానీ మావయ్య షెడ్డు మూసేశాక నేను మరో పనిలో చేరలేదు కనుక, ఆ మాట వాడుకునే హక్కు నాకూ ఉందనుకుంటాను.

మా మావయ్యకు అమలాపురంలో ఇనప సామాను చెక్కే లేత్ షెడ్డు ఉండేది. సందులోకి తిరగగానే ముందు చిన్న గది, వెనక రేకుల షెడ్డు. ఆయిలింజను తిరిగితే, పైనున్న పొడుగాటి ఇరుసు మీంచి దిగే బెల్టులతో మూడు లేత్‌లు తిరిగేవి. వచ్చేదంతా ధాన్యం మిల్లుల పని, కొబ్బరినూనె మిల్లుల పని. అరిగిన ఇరుసులు, విరిగిన బోల్టులు, పళ్ళూడిన చక్రాలు. ముందు గదిలో కూర్చునే గుమాస్తా కాకినాడలో పని దొరికి వెళ్ళిపోతే, మరొకరు దొరికేదాకా అని మావయ్య నన్ను కూర్చోబెట్టారు. అప్పటికి నేను స్కూలు ఫైనలు పాసై ఇంట్లో ఖాళీగా ఉన్నాను. అమ్మమ్మకు అది ఇష్టం లేదు. మగవాళ్ళు వచ్చిపోయే చోట ఆడపిల్ల కూర్చోవడమేమిటని నాలుగు రోజులు పోట్లాడి, చివరికి ఒక షరతు పెట్టి ఒప్పుకుంది. నా వల్ల ఒక్క పని చెడిందని వినబడిన రోజున పుస్తకం మూసేసి లోపలికి వచ్చెయ్యాలి. మావయ్య సరేనన్నారు. నేనూ తలూపాను.

నా చేతిలో ఉండేది పని పుస్తకం. ఎవరు ఏం తెచ్చారు, ఏ కొలతలో కావాలి, ఎన్ని కావాలి, ఎప్పటికి కావాలి, ఇంతే అందులో రాయాలి. కొలతకు తెచ్చిన నమూనా వస్తువును సంచిలో వేసి తగిలించాలి. పొద్దున్నే ఇంజను వేయక ముందు ఆ పుస్తకం షెడ్డులోకి తీసుకెళ్ళి మేస్త్రిగారికి చదివి వినిపించాలి. ఆయనకు అక్షరాలు రావు. ఒకసారి విన్న కొలత మాత్రం మరచిపోయేవారు కాదు. యాభై దాటిన మనిషి. చెవి మీద చుట్ట ముక్క, మోకాళ్ళ దాకా పంచె, చేతుల నిండా నూనె. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. అయిపోయాక "ఆయ్" అనేవారు. అంతే. ఎంత తడబడినా, ఎంత నెమ్మదిగా చదివినా ఆయన తొందర పెట్టేవారు కాదు. మా ఇంటి గడప దాటి బయట మనుషులతో నేను మాట్లాడిన మొదటి మాటలు ఆయనకు చదివి వినిపించిన కొలతలే.

మావయ్య షెడ్డులో ఒక ఆచారం పెట్టారు. ప్రతి లేత్ వెనకా గోడకు ఒక తీగ వేలాడుతూ ఉండేది. ఏ పనివాడు ఏ వస్తువు చెడగొట్టినా దాన్ని ఆ తీగకు తగిలించేవారు. సంవత్సరం పాటు మళ్ళీ తప్పు పడకపోతే తీసేస్తారు. పడితే దాని కిందే ఇంకొకటి. జీతంలో కోత ఉండదు, తిట్లు ఉండవు, తీగ మాత్రం ఉంటుంది. మిల్లుల వాళ్ళు వచ్చినప్పుడు ముందు ఎవరి తీగకు ఏముందో చూసి, ఆ తరవాత ఎవరికి పని ఇవ్వాలో మావయ్యతో చెప్పేవారు. మిగతా ఇద్దరి తీగలకూ ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. మేస్త్రిగారి తీగ పద్దెనిమిదేళ్ళుగా ఖాళీ. అది తుప్పు పట్టకుండా ఆయన నెలకోసారి నూనెగుడ్డతో తుడుచుకునేవారు. దండ వేయించుకోవడానికి మెడ సిద్ధం చేసుకుంటున్నారని మిగతా ఇద్దరూ వేళాకోళం చేసేవారు.

ఇంకా ఆంధ్ర రాష్ట్రం రాలేదు. వేసవి వెళ్ళి తొలకరి పడుతున్న రోజులు. మధ్యాహ్నం ఇంజను ఆపిన వేళ, రాజోలు వైపు నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. యుద్ధంలో బర్మా దాకా లారీ తోలి వచ్చిన మనిషి. ఇప్పుడు రాజోలు వైపు ఆసుపత్రిలో లేడీ డాక్టరుగారికి కారు నడుపుతాడు. కారు పాత అమెరికా కారు, ఎవరో జమీందారు వాడి వదిలేసింది. సంగతేమిటంటే, ఆ కారు చక్రాలకు బోల్టులు ఉంటాయి. చక్రం ఊడదీసి మళ్ళీ బిగించాలంటే, అంత బరువైన చక్రాన్ని చేతులతో ఎత్తి పట్టుకుని, దాని కన్నం వెనక ఇరుసు చివరనున్న హబ్బు కన్నానికి సూటిగా కుదిర్చి, అప్పుడు బోల్టు తిప్పి ఎక్కించాలి. మగవాడికే చెమటలు పట్టే పని. క్రితం నెల డ్రైవరు జ్వరంతో పడుకుంటే డాక్టరుగారు తనే కారు తోలుకుని వెళ్ళారు. కాలవ గట్టు మీద టైరు దిగిపోయింది. ఆవిడ పొట్టి మనిషి. గంటసేపు చక్రాన్ని మోకాళ్ళ మీద మోసి, ఒక బోల్టు కాలవలో పోగొట్టుకుని, చివరికి అటుగా వచ్చిన కొబ్బరికాయల బండివాడి సాయంతో బిగించుకుని ఇల్లు చేరారు. ఇంటికి రాగానే ఆవిడ అడిగింది ఒకటే. ఇంకో కారుకు చూశాను, హబ్బుకే మేకుల్లా స్టడ్లు నిలబడి ఉన్నాయి, చక్రాన్ని వాటికి తగిలించేసి నట్లు తిప్పుకోవడమే, నా కారుకూ అలా చేయించు.

"ఆడమనిషి చక్రం మార్చుకోడమేంటండీ అంటే, చక్రం ఆగిపోతే ఆడమనిషికి పురుడు ఆగుతుందా అంటున్నారండీ ఆవిడ," అని డ్రైవరు నవ్వాడు.

ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను. పని పుస్తకంలో రాయవలసింది రాయలేదు.

ఎందుకు రాయలేదో చెప్పాలి. పక్కింటి పిన్నిగారి పేరు మీద నేను గ్రంథాలయం నుంచి నవలలు తెప్పించుకునేదాన్ని. ఇంట్లో చదివితే అమ్మమ్మ దీపం ఆర్పేసేది. అందుకని ఇంజను ఆగిన మధ్యాహ్నాలు పని పుస్తకం కింద నవల పెట్టుకుని, పై పుస్తకం అంచు కాస్త ఎత్తి చదివేదాన్ని. ఆ రోజు కథలో ఒకమ్మాయి ఉత్తరం చించకుండా చేతిలో పట్టుకుని రేవులో నిలబడి ఉంది. పడవ కదలబోతోంది. సరిగ్గా అప్పుడు డ్రైవరు వచ్చాడు. ఇరవై స్టడ్లు, ఇరవై నట్లు అన్నాడు. రాశాను. నమూనాకు కుడివైపు ముందు చక్రం బోల్టు ఒకటి ఇచ్చాడు. సంచిలో వేశాను. కారు రోజూ కావాలి గనుక ముందే చేసి ఉంచితే ఒక్క పూటలో బిగించుకుపోతామన్నాడు. అదీ రాశాను. ఆ తరవాత ఇంకేదో చెప్పాడు. ఆయ్, అన్నాను. నా కళ్ళు పుస్తకం అంచు కింద ఉన్నాయి. మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గేసింది. ఊరూ పేరూ తెలియని మగమనిషిని రెండోసారి పలకరించడం అప్పటికి నాకు అంత తేలిక కాదు.

గది వెనకాల కిటికీ దగ్గర మంచినీళ్ళ కూజా ఉండేది. షెడ్డులో వాళ్ళందరూ నా వెనక నుంచే వచ్చి తాగి పోతుండేవారు. ఆ మధ్యాహ్నం కూడా ఎవరో తాగి వెళ్ళిన చప్పుడు వినబడింది. డ్రైవరు నా దగ్గర నుంచి లేచి షెడ్డులోకి వెళ్ళాడు. అక్కడ మేస్త్రిగారితో కలిసి చుట్ట వెలిగించుకున్న వాసన, ఇద్దరి నవ్వులూ నాకు తెలిశాయి. ఆ నవ్వులను నేను తరవాత చాలా కాలం పట్టుకు వేలాడాను.

మేస్త్రిగారు పది రోజుల్లో ఇరవై స్టడ్లూ చేశారు. ఒక కొసన కారు హబ్బులోకి వెళ్ళే సన్న మర చుట్లు, రెండో కొసన మా నట్టు ఎక్కే ముతక మర, మధ్యలో ఆనుకోవడానికి చిన్న గట్టు. పాత బోల్టు తలకు ఎంత వాలు ఉందో నట్టు ముఖానికి అంతే వాలు తీశారు, చక్రం కన్నంలో కుదురుగా కూర్చోవాలని. అన్నిటినీ నూనెలో ముంచి, వరసగా పేర్చి, నన్ను పిలిచి చూపించారు. ఏమనాలో తెలియక బాగున్నాయండీ అన్నాను.

వారం మొదట్లో ఒక పొద్దున డాక్టరుగారు జంట పడవల పంటు మీద కారు ఎక్కించుకుని, వైనతేయ పాయ దాటి వచ్చారు. తెల్ల చీర, కాళ్ళకు బూట్లు, చేతికి పెద్ద గడియారం. మర్నాడు ఆసుపత్రిలో రద్దీ రోజు కనుక చీకటి పడక ముందే ఆఖరి పంటు అందుకోవాలి. కారును సందులో నిలబెట్టి జాకీ వేశారు. కుడివైపు రెండు చక్రాలకూ పది స్టడ్లు వెన్నలా ఎక్కాయి. వీధి వాళ్ళందరూ చేరారు. నేను కిటికీ ఊచల వెనక నుంచి చూస్తున్నాను. మేస్త్రిగారు ఇటు పని చూస్తుంటే, డ్రైవరు అటు ఎడమవైపు బోల్టులు ఊడదీసి పెట్టాడు.

ఎడమవైపు మొదటి స్టడ్డు సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. తుప్పేమోనని మేస్త్రిగారు నూనె చుక్క వేసి, పానా పట్టి మెల్లగా నొక్కారు. కీచుమని చిన్న శబ్దం వచ్చింది. వెంటనే చెయ్యి తీసేశారు. కింద పడి ఉన్న పాత బోల్టు ఒకటి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశారు. నమూనా బోల్టును దాని పక్కన పెట్టారు. ఒకదాని మర ఇటు వాలి ఉంటే, రెండోదాని మర అటు వాలి ఉంది. ఎంతసేపు చూశారో చెప్పలేను. నాకు మాత్రం ఆ రోజు డ్రైవరు చెప్పిన ఆఖరి మాట, వినకుండా ఆయ్ అన్న మాట, అప్పుడు మొత్తం వినబడింది.

"ఎడం పక్క చక్రాలకి ఎడం మరేనండీ," అన్నాడు డ్రైవరు. "తిరిగేటప్పుడు వదులవకుండా ఆ కంపెనీవోళ్ళు అలా పెట్టేరు. పది ఇటు, పది అటు అని ఆ రోజే చెప్పేనండీ."

మావయ్య లోపల్నుంచి వచ్చారు. గొంతు పెంచే మనిషి కాదు. "ఎవరికి చెప్పేవు?" అని అడిగారు.

డ్రైవరు తల కిటికీ వైపు తిరగబోయింది. నేను ఊచలు వదిలి వెనక్కి జరిగాను. పని పుస్తకం, ఆ గది, పొద్దుటి చదువు, అన్నీ ఆ తల తిరగడంలో ఉన్నాయి.

"నాకే చెప్పేరండీ బాబుగారు," అన్నారు మేస్త్రిగారు, బోల్టు మీంచి చూపు తీయకుండానే. "చుట్ట ఎలిగించుకుంటూ చెప్పేరు. నేనే మర్చిపోయేను."

డ్రైవరు మేస్త్రిగారినీ, నేలనీ చూశాడు. ఊడదీసిన బోల్టులు ఏరడానికి వంగాడు. మావయ్య "పద్దెనిమిదేళ్ళు మేస్త్రీ," అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయారు.

డాక్టరుగారు మంచి మనిషి. ఎడమవైపుకు పాత బోల్టులే వేసేయండి, మళ్ళీ వస్తానన్నారు. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. ఎక్కువ అరిగింది వెనక చక్రమే కనుక దాని అయిదూ సాయంత్రానికి ఇస్తానని, ముందు చక్రానివి వచ్చే వారం చేస్తానని చెప్పారు. ముందుగా, కీచుమన్న కన్నాన్ని బాగు చేయాలి. పాత బోల్టుకు నిలువునా గాడి కోసి, దాన్నే మర చెక్కే పనిముట్టుగా వాడి, దెబ్బ తిన్న చుట్టును సరిచేశారు. తరవాత లేత్ దగ్గర నిలబడ్డారు. ఎడమ మర కోయాలంటే పనిముట్టు రోజూ నడిచే వైపు కాకుండా ఎదురు నడవాలి. ధాన్యం మిల్లు పనిలో ఎప్పుడో ఒకసారి అవసరం పడుతుందని ఆయన తన పెట్టెలో, నట్టు లోపల ఎడమ మర కోసే ట్యాపు ఒకటి గుడ్డలో చుట్టి దాచుకున్నారు. నట్లు దాంతో అయ్యాయి. ఆ రోజు భోజనానికి వెళ్ళలేదు. నేను మజ్జిగ పట్టుకెళ్ళి అక్కడ పెట్టాను. చెబుదామనే వెళ్ళాను. ఇంజను చప్పుడులో నా మాట వినబడదని నాకు నేనే నచ్చజెప్పుకుని వచ్చేశాను.

నాలుగు గంటలకు అయిదూ పూర్తయ్యాయి. డ్రైవరు చక్రం ఎత్తబోతే డాక్టరుగారు ఆపారు. చీర కుచ్చెళ్ళు దోపుకుని, తనే చక్రాన్ని దొర్లించుకు వచ్చి, అడుగున కాలి బూటు పెట్టి లేపి, స్టడ్లకు తగిలించేశారు. గోడకు చొక్కా తగిలించినంత తేలిగ్గా నిలబడింది. చేత్తోనే నట్లు ఎక్కించి, పానాతో బిగించారు. వీధిలో ఒక పెద్దాయన ఇంకేముంది, రేపట్నుంచి మనం వంట చేద్దామన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరుగారూ నవ్వి, బిగించిన నట్లు మళ్ళీ ఊడదీసి, చక్రం దింపేశారు. కిటికీ వైపు చూసి నన్ను పిలిచారు.

"నువ్వు రామ్మా. రాసేది నువ్వే కదా. ఒకసారి చేసి చూడు."

అంతమంది ముందుకు నేను అప్పటిదాకా ఎన్నడూ వెళ్ళలేదు. ఎలా వెళ్ళానో తెలియదు. చక్రం అంచు పట్టుకుని ఆవిడ చెప్పినట్టే లేపాను. తగులుకుంది. నట్టు అలవాటుగా కుడివైపు తిప్పితే ఎక్కలేదు. పక్కనే మేస్త్రిగారి గొంతు నెమ్మదిగా వినబడింది. ఎడమకండీ అమ్మాయిగారు, ఎడమకి. తిప్పాను. చల్లగా, నూనెతో జారుతూ లోపలికి వెళ్ళింది. జీవితంలో అంత గర్వంగానూ, అంత సిగ్గుగానూ ఒకేసారి నేనెప్పుడూ లేను.

కారు వెళ్ళిపోయాక, చెడిపోయిన పది స్టడ్లనూ మేస్త్రిగారే ఏరి మావయ్యకు అందించారు. మావయ్య ఒక్కొక్కటీ తీగకు చుట్టి వేలాడదీశారు. మర్నాడు పొద్దున పుస్తకం చదవడానికి వెళ్ళినప్పుడు అవి ఆయన తల వెనక కనబడ్డాయి. ఇంజను మొదలవగానే అదిరి, ఒకదానికొకటి తగిలి మోగేవి. వారం తరవాత మిగతా అయిదు స్టడ్ల కోసం వచ్చిన డ్రైవరు వాటిని చూసి, "మేస్త్రిగారికి హారం పడిందండోయ్," అన్నాడు. "మీ కారు పుణ్యమేనండీ," అన్నారాయన. ఆ ఏడాది ఆలమూరు వైపు మిల్లు ఒకటి తన పని మేస్త్రిగారికి కాకుండా రెండో లేత్‌కు ఇమ్మంది. ఆయన నూనెగుడ్డ తీసుకుని స్టడ్లు తుప్పు పట్టకుండా తుడిచారు.

నేను చెప్పబోయిన సందర్భాలు డైరీలో మూడున్నాయి. ఒకసారి గడప దాకా వెళ్ళి, అమ్మమ్మ పిలిస్తే తిరిగి వచ్చాను. ఒకసారి చీటీ రాసి, ఆయనకు చదువు రాదని గుర్తొచ్చి చించేశాను. మూడోసారి మావయ్యతోనే అనబోతే ఆయన నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఎందుకంటే, ఆ రోజు నుంచి నేను ఎవరు ఏ పని చెప్పినా రాసింది మొత్తం వాళ్ళకే తిరిగి చదివి వినిపించడం అలవాటు చేసుకున్నాను. మా అమ్మాయి పుస్తకం గవర్నమెంటు రికార్డులాంటిదని మావయ్య అందరితో చెప్పుకునేవారు. మేస్త్రిగారు వింటూ చుట్ట సర్దుకునేవారు.

మనసు నాకొక దారి చూపించింది. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ చుట్ట కాల్చుకున్నారు కదా. డ్రైవరు ఆయనకూ చెప్పే ఉంటాడు. ఆయన నిజంగానే మరచిపోయి ఉంటారు. అలాగైతే తప్పులో నాది సగమే. ఒకసారి విన్న కొలత మరచిపోని మనిషి ఆ ఒక్కటి ఎలా మరచిపోయారని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. ఆ నవలను మాత్రం మర్నాడే తిరిగి పంపించేశాను. రేవులో నిలబడ్డ అమ్మాయి పడవ ఎక్కిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఏడాది తిరిగాక మావయ్య స్టడ్లు తీసేశారు. తీగ మళ్ళీ ఖాళీ అయింది. ఆ తరవాత ఇంకో మూడేళ్ళు పనిచేశాక మేస్త్రిగారికి చూపు తగ్గింది. మర వాలు వేలితో తడిమి చెప్పగలిగేవారు గాని, గీతలు కనబడేవి కావు. మలికిపురంలో కూతురి దగ్గర ఉండడానికి వెళ్తున్నానని ఒక పొద్దున చెప్పారు. మావయ్య పంచెల చాపు పెట్టారు. ఆయన తన పెట్టెలోంచి ఎడమ ట్యాపు తీసి, షెడ్డుకే ఉండనీమని ఇచ్చేశారు. చివరికి ముందు గదిలోకి వచ్చి, కూజాలో నీళ్ళు ముంచుకు తాగారు. నేను లేచి నిలబడ్డాను. ఈసారి చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు.

"మేస్త్రిగారండీ, ఆ రోజు డాక్టరుగారి కారు," అని మొదలుపెట్టాను.

ఆయన తడి చెయ్యి పైకెత్తి ఆపారు. గ్లాసు కూజా మీద బోర్లించి, కండువా సర్దుకుని, గడప దాటారు. అక్కడ ఆగి, సరిగ్గా కనబడకపోయినా నేనున్న వైపే చూస్తూ అడిగారు.

"ఆ డ్రైవరు పని చెప్పినప్పుడు పెద్ద పుస్తకం కింద పెట్టుకుని చదువుతున్నారు కదండీ అమ్మాయిగారూ, ఆ చిన్న పుస్తకం. నేను నీళ్ళకి వచ్చేను, మీరు చూళ్ళేదు. ఆ కథ ఆఖరికి ఏమయ్యిందండీ?"